ముందు తొడ, తర్వాతే నడుము: సైకిల్ కాళ్లకు ప్యాంటు కుదుర్చుకునే పద్ధతి

ఏళ్ల తరబడి సైకిల్ గట్టిగా తొక్కేవాళ్లకు ప్యాంటుతో వచ్చే చిక్కు అందరికీ ఒకటే. నడుముకు సరిపోయింది తొడ దాటి పైకి రాదు. తొడకు సరిపోయింది నడుము మీద నిలవదు. దీనికి దుకాణంలో దొరికే సలహా "రెండు సైజులు పెద్దది తీసుకుని బెల్టు పెట్టుకోండి" అని. ఆ సలహా ఎందుకు పనికిరాదో లెక్క వేసి చూస్తే, పనికొచ్చే దారి కూడా అందులోనే కనిపిస్తుంది.

రెడీమేడ్ ప్యాంటు సైజు అంటే నడుము సైజే. తయారుచేసేవాళ్లు ఒక మధ్య సైజుకు నమూనా గీసుకుని, మిగతా సైజులన్నీ దాన్నుంచి లెక్కప్రకారం పెంచుతూ, తగ్గిస్తూ పోతారు. నడుము 2 అంగుళాలు పెరిగినప్పుడు తొడ సుమారు ఒక అంగుళం, మహా అయితే అంగుళంన్నర పెరుగుతుంది. ఇప్పుడు నడుము 32, తొడ 25 అంగుళాలున్న మనిషిని తీసుకోండి. కొద్దిగా సాగే గుడ్డ అయినా సరే, ఆ తొడకు ప్యాంటులో 26½ కావాలి. స్ట్రెయిట్ కట్‌లో 32 సైజు తొడ 25 ఉందనుకుంటే, 34లో 26¼ వస్తుంది, 36లో 27½ వస్తుంది. అంటే తొడ నిజంగా సరిపోయేది 36లో. అక్కడ నడుము 4 అంగుళాలు వదులు. బెల్టు బిగిస్తే ఆ 4 అంగుళాల గుడ్డ వెనక కుచ్చులుగా ముడుచుకుని, సీటు మీద కూర్చున్నప్పుడు వెన్ను కింద గుచ్చుకుంటుంది. దర్జీ దగ్గరికి తీసుకెళ్లినా 2 అంగుళాలకు మించి తీస్తే ప్యాంటు ఆకారం చెడుతుంది.

కాబట్టి వెతకాల్సింది పెద్ద సైజు కోసం కాదు. తొడ సరిపోతూ నడుము 2 అంగుళాలకు మించి వదులు లేని కట్ కోసం. నడుము కోయవచ్చు, కుట్టవచ్చు. తొడలో లేని గుడ్డను తెచ్చిపెట్టడం మాత్రం చాలా కష్టం. ఈ ఒక్క షరతు పెట్టుకుంటే దుకాణంలో ఉన్న ప్యాంట్లలో ముప్పాతిక భాగం ట్రయల్ రూముకు వెళ్లకుండానే పక్కన పెట్టేయొచ్చు.

కొలత తీసుకోవడం దగ్గరే సగం పని చెడుతుంది. చాలామంది పొద్దున లేచి, నిలబడి, తొడకు ఒక్కచోట టేపు చుట్టి ఆ అంకె రాసుకుంటారు. సైకిల్ తొక్కిన తర్వాత రక్తం నిండి కండ పొంగుతుంది. కాసేపటికి తగ్గుతుంది గానీ, ప్యాంటు వేసుకుని తొక్కేది ఆ పొంగిన కాలితోనే. అందుకని కొలత తొక్కి వచ్చాకే తీసుకోవాలి. రెండు కాళ్లూ కొలవాలి, పెద్దదాని అంకె రాసుకోవాలి. రెండింటికీ అర అంగుళం తేడా ఉండటం మామూలే.

టేపు పెట్టాల్సిన చోట్లు ఇవి. గజ్జల కింద ఒక అంగుళం దిగువన తొడ చుట్టూ. తొడ మధ్యలో, ముందు కండ బాగా ఉబ్బి కనిపించే చోట. మోకాలి చిప్పకు 3 అంగుళాల పైన, లోపలి వైపు కండ గుండ్రంగా దిగే చోట. మోకాలు పూర్తిగా మడిచినప్పుడు దాని చుట్టూ. పిక్క అతిపెద్దగా ఉన్న చోట. వీటిలో మొదటి రెండూ నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చుని ఒకసారి తీసుకోవాలి. కూర్చున్నప్పుడు తొడ వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి అర అంగుళం నుంచి అంగుళంన్నర దాకా పెరుగుతుంది. ప్యాంటు ఎంపికకు పనికొచ్చేది కూర్చున్నప్పటి అంకె. నిలబడినప్పుడు తీసిన అంకెతో కొన్న ప్యాంటు అద్దం ముందు బాగుంటుంది, కుర్చీలో కూర్చోగానే పట్టేస్తుంది.

ఇంకొకటి రైజ్, అంటే కాళ్ల మధ్య కుట్లు కలిసే చోటు నుంచి నడుం పట్టీ పైఅంచు దాకా ఉండే పొడవు. ప్యాంటు పైఅంచు ఎక్కడ నిలవాలనుకుంటున్నారో అక్కడ ముందువైపు టేపు మొదలుపెట్టి, కాళ్ల మధ్యగా తీసుకెళ్లి, వెనక అదే ఎత్తు దాకా కొలిస్తే మొత్తం పొడవు వస్తుంది. ప్యాంటులో ముందు రైజ్, వెనక రైజ్ కలిపితే ఈ పొడవు రావాలి. సైకిల్ తొక్కేవాళ్లకు తొడతో పాటు పిరుదు కండ కూడా పెరుగుతుంది కాబట్టి వెనక రైజ్ ముందుదానికన్నా 4 అంగుళాలైనా ఎక్కువ ఉంటే మంచిది. ఇది తక్కువైతే హ్యాండిల్ మీదికి వంగినప్పుడు నడుం పట్టీ కిందికి దిగి వీపు బయటపడుతుంది. అది నడుము వదులు వల్ల అనుకుని బెల్టు ఇంకో రంధ్రం బిగించేవాళ్లున్నారు. బెల్టుకూ దీనికీ సంబంధం లేదు. గుడ్డ పొడవే చాలలేదు.

తర్వాత ప్యాంటును కొలవాలి. గుండీ పెట్టి, జిప్ వేసి, బల్ల మీద ముడతల్లేకుండా పరిచి, కాళ్ల మధ్య నాలుగు కుట్లు కలిసే చోటుకు అంగుళం కింద, లోపలి కుట్టు నుంచి బయటి కుట్టు దాకా అడ్డంగా కొలిచి రెండింతలు చేస్తే తొడ చుట్టుకొలత. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని సైజు పట్టికల్లో ఈ అంకె పరిచి కొలిచిన సగమే ఇస్తారు, కొన్నింటిలో పూర్తి చుట్టు ఇస్తారు. అది తేలిగ్గానే తెలిసిపోతుంది. కానీ కొన్నింటిలో కొలత నాలుగు కుట్ల చోటే తీస్తారు, కొన్నింటిలో అంగుళం కింద తీస్తారు. ఈ తేడా వల్లే చుట్టుకొలతలో ముప్పావు అంగుళం దాకా తేడా వస్తుంది, పట్టిక చూసినవాడికి అది కనబడదు. పట్టికలో ఎక్కడ కొలిచారో రాయకపోతే అడిగి తెలుసుకోవాలి, లేదంటే ముప్పావు అంగుళం తగ్గించి లెక్క వేసుకోవాలి. నడుము అంకెను కూడా నమ్మకూడదు. 32 అని చీటీ ఉన్న ప్యాంటు పరిచి కొలిస్తే 33, 34 రావడం మామూలు. కొన్నవాడు సన్నబడ్డానని సంతోషించడానికి పెట్టిన ఏర్పాటది. మన లెక్కకు మాత్రం ఆ తేడా నేరుగా దెబ్బ కొడుతుంది: 34 కొని 2 అంగుళాలు తీయిద్దామనుకుంటే నిజానికి తీయాల్సింది 3 అవుతుంది.

శరీర కొలతకు, ప్యాంటు కొలతకు మధ్య ఎంత వదులుండాలి? కూర్చున్నప్పటి తొడ అంకె మీద, సాగని గుడ్డకు 2 నుంచి 2½ అంగుళాలు. సాగే దారం 2 శాతం దాకా కలిసిన గుడ్డకు 1 నుంచి 1½. రెండు దిక్కులా బాగా సాగే నైలాన్ గుడ్డకు అర అంగుళం చాలు. పిక్కకు 1½ అంగుళం వదులు కనీసం. మోకాలికి మడిచినప్పటి అంకె మీద ఒక అంగుళం. తొడ మధ్యలో కూడా పై అంకెలే వర్తిస్తాయి, కానీ ఈ చోటును ఏ పట్టికా చెప్పదు. ప్యాంటు పరిచి, నాలుగు కుట్ల చోటుకు 6 అంగుళాల కింద కొలుచుకోవాల్సిందే. మామూలు కాలు గజ్జల నుంచి మోకాలికి వచ్చేసరికి వేగంగా సన్నబడుతుంది, నమూనా కూడా అలాగే గీస్తారు. సైకిల్ కాలు అలా సన్నబడదు. పై తొడ సరిగ్గా సరిపోయి, మధ్య తొడ పట్టేసే ప్యాంట్లు దొరికేది ఇందుకే.

ఇక కట్ పేర్లు. స్కిన్నీ, స్లిమ్ అన్నవాటిని తాకనక్కర్లేదు. అవి సాగుతాయి కాబట్టి ఎక్కుతాయి, కానీ ఎక్కడం వేరు, సరిపోవడం వేరు. స్ట్రెయిట్‌లో కొన్ని పనికొస్తాయి. రిలాక్స్డ్‌లో తొడ సరిపోతుంది, మోకాలి కింద మాత్రం గుడ్డ ఎక్కువై చైను చక్రానికి తగులుతుంది. ఈ మధ్యలో అథ్లెటిక్ టేపర్ అని ఒక కట్ ఉంది. సీటు (ప్యాంటులో పిరుదుల భాగం), తొడ విశాలంగా ఉండి మోకాలి కింద నుంచి సన్నబడేది. లీవైస్‌లో 541 అనే నంబరు ఈ రకమే. ముందు చూడాల్సింది ఈ కట్‌నే. ఇక్కడ కూడా కొలత తప్పదు. టేపర్ మరీ ఎక్కువైన చోట తొడ బాగుండి పిక్క దగ్గర పట్టేస్తుంది. కొద్ది దూరం దూసుకెళ్లే స్ప్రింటర్ల పిక్కలకు, చాలా దూరం తొక్కేవాళ్ల సన్నటి పిక్కలకు ఒకే టేపర్ సరిపోదు.

"సైకిల్ కోసం" అని రాసి ఉన్నవన్నీ సైకిల్ తొడ కోసం కుట్టినవి కావు. లీవైస్ 2011లో కమ్యూటర్ పేరుతో సైకిల్ వాళ్ల కోసం తెచ్చిన జీన్సు 511 అనే స్లిమ్ కట్ మీదే మొదలైంది. చీకట్లో మెరిసే పట్టీ, తాళం పెట్టుకునే చోటు, నీళ్లు జారే పూత లాంటివి అందులో ఉన్నాయి. ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లే సన్నకాళ్ల మనిషికి అవన్నీ అవసరమే. కండ ఉన్న తొడకు మొదట అడగాల్సింది తొడ అంకె, ఆ తర్వాతే మిగతా సౌకర్యాలు. ఇక 2012 లండన్ ఒలింపిక్స్‌లో టీమ్ స్ప్రింట్ కాంస్యం గెలిచిన జర్మన్ ట్రాక్ ఆటగాడు రాబర్ట్ ఫోర్‌స్టెమన్ లాంటి తొడలకు రెడీమేడ్ ఆశే వదులుకోవాలి. అక్కడికి వచ్చేసరికి కుట్టించుకోవడం ఒక్కటే దారి.

ఆడవాళ్ల ప్యాంట్లలో ఈ చిక్కు ఇంకో రూపంలో ఉంటుంది. కర్వీ అనే కట్‌లో నడుముకూ సీటుకూ తేడా ఎక్కువ ఇస్తారు, తొడకు మాత్రం కలిపేది కొంచెమే. సీటు చూసి కొంటే తొడ మధ్యలో పడుతుంది. పై కొలతలన్నీ వాళ్లకూ అవే.

గుడ్డ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు కట్‌ను సాగే గుడ్డతో సరిదిద్దొచ్చనే భ్రమ చాలా గట్టిగా ఉంది. చీటీ మీద ఎలాస్టేన్, స్పాండెక్స్, లైక్రా అని ఏది రాసినా దారం ఒకటే. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ తయారుచేసినది. జీన్సులో ఇది సాధారణంగా 1 నుంచి 3 శాతం ఉంటుంది. చాలా జీన్సుల్లో ఈ దారం అడ్డంగా మాత్రమే నేస్తారు, కాబట్టి ప్యాంటు కాలి చుట్టూ సాగుతుంది, నిలువునా సాగదు. అంటే తొడ బిగువును కొంత భరిస్తుంది గానీ, మోకాలు మడిచినప్పుడు, వంగినప్పుడు కావలసిన పొడవును ఇవ్వదు. రైజ్ తక్కువైన ప్యాంటును సాగే గుడ్డ కాపాడలేదన్నమాట.

సాగడం కన్నా తిరిగి రావడం ముఖ్యం. గుడ్డను అడ్డంగా 4 అంగుళాలు పట్టుకుని లాగితే 4½ నుంచి 4¾ దాకా రావాలి, వదలగానే మళ్లీ 4కే రావాలి. 4⅛ దగ్గర ఆగిపోయిందంటే ఆ ప్యాంటు కొద్ది రోజుల్లో మోకాలి దగ్గర సంచిలా వేలాడుతుంది. ఎలాస్టేన్‌కు వేడి పడదు. వేడి గాలి డ్రయ్యర్, వేడి ఇస్త్రీ దాన్ని తొందరగా చంపేస్తాయి. తొడ దగ్గర ఎప్పుడూ పూర్తిగా సాగదీసి ఉంచిన గుడ్డలో కూడా ఆ దారం తొందరగా తెగుతుంది. పైకి తెల్లటి వెంట్రుకల్లా తేలితే అదే. బరువు సంగతికొస్తే, జీన్సు గుడ్డ చదరపు గజానికి 11 నుంచి 13 ఔన్సుల మధ్య బాగుంటుంది. అంతకన్నా పలచనిది సీటు దగ్గర నిలవదు, మందమైనది మోకాలి వెనక మడతపడి రాచుకుంటుంది.

నూలు గుడ్డ కుంచించుకుపోవడాన్ని కూడా లెక్కలో వేయాలి. శాన్‌ఫోరైజ్ చేసిన, అంటే మిల్లులోనే ముందుగా కుంచింపజేసిన గుడ్డ 1 నుంచి 3 శాతం కుంచించుకుంటుంది; చేయనిది నిలువులో 10 శాతం దాకా పోవచ్చు. తొడ 26½ ఉన్నచోట అడ్డంగా 2 శాతం పోతే అర అంగుళం. మనం లెక్కవేసి ఉంచుకున్న వదులులో మూడో వంతు ఒక్క ఉతుకుతో పోయినట్టు. అందుకే కొనగానే దర్జీ దగ్గరికి పరుగెత్తకూడదు. ముందు ఉతికి, ఆరేసి, మళ్లీ కొలిచి, అప్పుడే కత్తెర పెట్టించాలి.

ట్రయల్ రూములో నిలబడి అద్దంలో చూసుకోవడం వల్ల తెలిసేది తక్కువ. నాలుగు పనులు చేసి చూడాలి. ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చోవాలి. పూర్తిగా గొంతుక్కూర్చోవాలి. మోకాలి ఎత్తు బల్ల మీద ఒక పాదం పెట్టి ముందుకు ఒరగాలి. పెడల్ పైకి వచ్చినప్పటి కాలు దాదాపు ఇలాగే ఉంటుంది. చివరిగా హ్యాండిల్ పట్టుకున్నట్టు నడుము దగ్గర వంగాలి. ప్రతిదానిలోనూ తొడ మీద రెండు వేళ్లతో గుడ్డను చిటికెడు పట్టి చూడాలి. నిలబడినప్పుడు అర నుంచి ముప్పావు అంగుళం మడత చేతికి రావాలి. అంటే చుట్టుకొలతలో అంగుళం నుంచి అంగుళంన్నర వదులు. కూర్చున్నప్పుడు కాస్తయినా రావాలి. లేచి నిలబడ్డాక ప్యాంటు కాళ్లు వాటంతటవే కిందికి జారాలి. పిక్క మీద ఆగిపోయి, చేత్తో లాగాల్సి వస్తే టేపర్ ఎక్కువైందన్నమాట.

ముడతలను చదవడం నేర్చుకుంటే ఏం తక్కువైందో అవే చెబుతాయి. తొడ ముందు అడ్డంగా బిగువు గీతలుంటే ఆ ఎత్తులో చుట్టుకొలత చాలలేదు. నాలుగు కుట్ల చోటు నుంచి మీసాల్లా రెండు వైపులా గీతలు బయల్దేరితే పై తొడ ఇరుకు, లేదా ముందు రైజ్ పొట్టి. పక్క జేబులు చెవుల్లా బయటికి తెరుచుకుంటే సీటు ఇరుకు. కూర్చున్నప్పుడు వెనక నడుం పట్టీ వీపుకు దూరంగా నిలబడితే వెనక రైజ్ తక్కువ. పిరుదు కింద వదులుగా అడ్డ మడతలు పడితే అక్కడ గుడ్డ ఎక్కువైంది. అది అందం సమస్యే గానీ సైకిల్ మీద పనికొచ్చే గుడ్డే, దాన్ని తీయించకండి. కాలు ఎత్తితే ఆ మడతే సాగి చోటిస్తుంది.

సైకిల్ వాళ్లలో ప్రత్యేకంగా కనిపించే గుర్తు ఇంకొకటి ఉంది. పక్క నుంచి చూస్తే బయటి కుట్టు నిటారుగా దిగకుండా, తొడ మధ్యలో ముందుకు వంగుతుంది. ప్యాంటు ముందు ముక్క వెనక ముక్క కన్నా సన్నగా కోయడం ఆనవాయితీ. సైకిల్ వల్ల పెరిగే కండలో పెద్ద వాటా తొడ ముందుభాగానిది. అది సన్నటి ముందు ముక్కను నింపేసి, కుట్టును తనవైపు లాక్కుంటుంది. మొత్తం చుట్టుకొలత సరిపోయినా ఈ కుట్టు వంగితే ముందు భాగం ఇరుకే. రెడీమేడ్‌లో దీనికి మందు లేదు. కుట్టించుకునేటప్పుడు మాత్రం ఇదే మొదట చెప్పాల్సిన మాట.

నాలుగు కుట్లు కలిసే చోటు కిందికి వేలాడితే కాలు స్వేచ్ఛగా కదులుతుందని అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. చొక్కా చంక దగ్గర కిందికి జారి ఉంటే చెయ్యెత్తగానే చొక్కా మొత్తం లేస్తుంది చూడండి, ఇక్కడా అంతే. ఆ చోటు శరీరానికి దగ్గరగా, అర అంగుళం, అంగుళం వదులుతో ఉంటే ప్రతి కాలూ దేనికదే కదులుతుంది. కిందికి ఉంటే ఒక తొడ లేచినప్పుడు రెండో కాలి గుడ్డ కూడా లాగబడి, తొడల లోపలివైపు రాపిడి పెరిగి, అక్కడే ముందు చిరుగుతుంది. సీటు ముక్కుకు చిక్కుకునేదీ ఆ వేలాడే గుడ్డే.

మార్పులు చేయించేటప్పుడు వరస ముఖ్యం: ఉతకడం, నడుము, మోకాలి కింద సన్నం చేయడం, చివర పొడవు. నడుము తీస్తే ప్యాంటు నిలిచే ఎత్తు మారుతుంది కాబట్టి పొడవు ముందే కోయించకూడదు.

నడుము తీసేది వెనక మధ్య కుట్టులో. ఫార్మల్ ప్యాంటులో నడుం పట్టీ వెనక మధ్యలో అతుకుతోనే ఉంటుంది కాబట్టి ఆ పని తేలిక, 2 అంగుళాలు హాయిగా తీయొచ్చు. జీన్సులో పట్టీ ఒకే ముక్క. మధ్య లూపు విప్పి, పట్టీ ఊడదీసి, కోసి, మడత కుట్టు విప్పి మళ్లీ వేయాలి. అక్కడ అంగుళంన్నర దగ్గర ఆగడం మంచిది. దాటితే వెనక జేబులు ఒకదానికొకటి దగ్గరవుతాయి, పక్క కుట్లు వెనక్కి తిరుగుతాయి. ఎంత తీసినా దర్జీకి ఒక మాట గట్టిగా చెప్పాలి: తీసే గీత పిరుదు బాగా ఎత్తుగా ఉన్న చోటుకు రాకముందే సున్నాకు కలిసిపోవాలి. అలవాటుగా కుట్టును నేరుగా కింద దాకా లాగేస్తే నడుముతో పాటు సీటు కూడా తగ్గి, మనం కష్టపడి వెతుక్కున్న చోటు పోతుంది. ప్యాంటు తీసుకునేటప్పుడు సీటు చుట్టుకొలత మారలేదని టేపు పెట్టి చూసుకోవాలి.

తొడ వదులు చేయించడానికి అవకాశం ఉందో లేదో ప్యాంటు తిరగేస్తే తెలుస్తుంది. జీన్సులో లోపల మిగులు గుడ్డ ఉండదు, ఆశ వద్దు. ఫార్మల్ ప్యాంట్లలో వెనక ముక్క లోపలి కుట్టు వైపు అర అంగుళమో ముప్పావో వదిలి ఉంటారు. అంత మేరకు విప్పి కుట్టొచ్చు. పాత కుట్టు గీత, సూది రంధ్రాలు కనిపిస్తాయి, అయితే తొడల మధ్య కాబట్టి ఎవరికీ పట్టదు.

మిగులు లేనప్పుడు వజ్రం ఆకారపు ముక్క వేస్తారు, గసెట్ అని. కాళ్ల వైపు పొడవు 8 అంగుళాలు, ముందు వెనకల మధ్య వెడల్పు 2½ అంగుళాలు ఉన్న ముక్క పెడితే, గజ్జల కింద అంగుళం దగ్గర ఒక్కో తొడకు దాదాపు 2 అంగుళాలు కలుస్తాయి. పైగా నాలుగు కుట్లూ ఒకే బిందువు దగ్గర కలవవు కాబట్టి ఆ చోటు పగలదు. కానీ ముక్క 4 అంగుళాల కింద మొనతో ముగుస్తుంది, అక్కడినుంచి కిందికి దాని సాయం సున్నా. పై తొడ ఇరుకుకు, కాలు కదలికకు గసెట్ మంచి మందు. తొడ మధ్య బిగువుకు పనికిరాదు. దానికి బయటి కుట్టు విప్పి నిలువునా అంగుళం పట్టీ కలపాలి. ఆటల ప్యాంట్ల మీద చార ఉన్నట్టు కనిపిస్తుంది, అది మీ ఇష్టం.

మోకాలి కింద సన్నం చేయించేటప్పుడు లోపలి కుట్టులో ఒక్కదానిలోనే తీస్తే కాలు మెలి తిరుగుతుంది. రెండు కుట్లలోనూ సమానంగా, మోకాలికి 2 అంగుళాల కింద నుంచి మొదలుపెట్టాలి. బాటమ్ (ప్యాంటు కాలి చివర) చుట్టుకొలత 14 నుంచి 15½ అంగుళాల మధ్య ఉంటే మడమ దూరుతుంది, కుడికాలి వైపు చైనుకూ తగలదు.

కుట్టించుకోవడం నా దృష్టిలో ఫార్మల్ ప్యాంటుకు మొదటి దారి, చివరి దారి కాదు. 58 అంగుళాల పన్నా గుడ్డ మామూలు ప్యాంటుకు 1.3 మీటర్లు సరిపోతే, ఈ కాళ్లకు 1.5 మీటర్లు తీసుకోవాలి. దర్జీలు తొడ అంకెను చాలాసార్లు సీటు కొలతలోంచి లెక్కగడతారు, లేదా టేపు వదులుగా చుట్టి వదిలేస్తారు. మీ కాగితం మీద కూర్చున్నప్పటి పై తొడ, మధ్య తొడ, మోకాలు, పిక్క, రైజ్ మొత్తం రాసి ఇవ్వండి. తొడలో అదనంగా వేసే గుడ్డలో ఎక్కువ వాటా ముందు ముక్కకు వెళ్లాలని చెప్పండి. దానికి తేలికైన ఉపాయం ప్లీటు, అంటే ముందువైపు నడుం పట్టీ కింద వేసే మడత. ఒక్కో వైపు అంగుళం లోతు ప్లీటు ఒకటి వేస్తే నడుము పెరగకుండానే ముందు భాగంలో చోటు వస్తుంది. ప్లీటు నిలబడినప్పుడు మూసుకుని, కూర్చున్నప్పుడు తెరుచుకోవాలి. నిలబడినప్పుడే నోరు తెరిస్తే సీటు ఇంకా ఇరుకని అర్థం. లోపల వెనక మధ్య కుట్టులో 1½ అంగుళం, వెనక ముక్క లోపలి కుట్టులో అంగుళం మిగులు వదలమనాలి. సీజన్‌లో తొడ పెరుగుతుంది, తొక్కడం ఆపితే తగ్గుతుంది. ఆ మిగులుంటే అదే ప్యాంటు రెండింటికీ సర్దుకుంటుంది. కచ్చా కుట్టు మీద ఒకసారి వేసుకుని, పైన చెప్పిన నాలుగు పనులూ అక్కడే చేసి చూడకుండా పక్కా కుట్టు వేయనివ్వకండి.

కుట్టు విషయంలో ఒక సూక్ష్మం. సాగే గుడ్డకు మామూలు నిటారు కుట్టు వేస్తే గుడ్డ సాగినప్పుడు దారం సాగక పుటుక్కున తెగుతుంది. సీటు కుట్టుకు సన్నటి జిగ్‌జాగ్ గానీ చైన్ కుట్టు గానీ, పాలిస్టర్ దారంతో వేయించాలి. అంగుళానికి 8 నుంచి 10 కుట్లు చాలు. గట్టిగా ఉంటుందని 14, 15 వేస్తే సూది రంధ్రాల వరసలోనే గుడ్డ చిరుగుతుంది.

ఇంత చేసినా తొడల లోపలి వైపు గుడ్డ మిగతా ప్యాంటు కన్నా ముందే అరుగుతుంది. సీటు, చెమట, రాపిడి మూడూ కలిసేది అక్కడే. చిల్లు పడేదాకా ఆగితే రఫూ చేసినా చుట్టూ ఉన్న అరిగిన గుడ్డ పట్టుకోదు. నెలకోసారి ప్యాంటును వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే చాలు. అడ్డ దారాలు తెల్లగా తేలి వెలుతురు లోపలికి కనిపించగానే లోపలి నుంచి అతుకు వేయించాలి. అతుకుకు పొడవు తగ్గించినప్పుడు కోసిన బాటమ్ ముక్కలే సరైన గుడ్డ. రంగు, మందం, సాగుడు అన్నీ కలుస్తాయి, కాబట్టి వాటిని దర్జీ దగ్గర వదిలేసి రావద్దు. అతుకు మూలలు గుండ్రంగా కోసి, అరిగిన చోటు కన్నా అన్ని వైపులా అంగుళం పెద్దదిగా పెట్టి, అంచులు మడవకుండా జిగ్‌జాగ్ వేయించాలి. మడిచిన అంచు సీటు మీద చర్మాన్ని ఒరుస్తుంది.